బొమ్మ వ్రాసిన చేయి

తార్నాకనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపుఁ జెట్లనీడల నడచునపుడు పాలపిట్ట రెక్క విప్పినచోఁ గన్నులు నిలిచిపోవును. ఆ వన్నెను నిలుపుట సులభమా? పక్షి మరణించినంతనే కంటి రంగును గాలి రంగును మాయ నారంభించును. వానిని బొమ్మయే కాపాడవలెను.

నెల్లూరిలో వైద్యుఁడుగాఁ బనిచేసిన జర్డను దొర 1843–47 సంవత్సరములలో 50 పటములతో పక్షిగ్రంథమును చెన్నపురిలోఁ బ్రకటించెను. శిలాముద్రితములైన పటములకుఁ జేతితో రంగు లద్దిరి. అందు మనదేశపుఁ జిత్రకారులు వ్రాసిన బొమ్మలు గలవు. మన కలివికోడిని లోకము నేఁటికిని జర్డను పేరనే పిలుచుచున్నది. ఆ చిత్రకారుల నెఱిఁగినవా రరుదు. మన వాకిటి ముగ్గునకును అదే గతి గదా!

మీ బిడ్డ పిట్టబొమ్మ వ్రాసినచో, దానిక్రిందఁ బిట్టపేరును, తేదిని, తన పేరును గూడ వ్రాయింపుఁడు.