విషం వద్దు, గూడు గట్టిగా కట్టండి

నల్లమల అంచున ఉన్న మన బేస్తవారిపేట పల్లెల్లో నాటుకోళ్లకు పగలు గద్ద, ముంగిస, రాత్రి అడవిపిల్లి, నక్క భయం తప్పదు. పెట్ట పోయిందన్న కోపంతో గుళికల మందు కలిపిన మాంసం పెడితే మన కుక్కా, మన కోళ్లే చస్తాయి. ముంగిసను చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పైగా పొలంలో ఎలుకల్ని తినేది అదే. పురుగుమందు మానేసి పెరట్లో విషం పెట్టడం ఏం న్యాయం?

అర అంగుళం కన్నుల వెల్డెడ్ మెష్ కొనండి. పలుచని జాలీని కుక్కలు చింపేస్తాయి. మెష్‌ను అడుగు లోతున పాతండి, లేకుంటే కింద తవ్వి దూరతాయి. పొద్దుగూకకముందే కోళ్లను లోపలికి తోలి గడియ పెట్టండి. చిన్న పిల్లల్ని గంప కిందే ఉంచండి. మెష్ ఖర్చు ఒక్కసారే, కోడి పోతే నష్టం ప్రతిసారీ.