పార్కుని అభివృద్ధి చేయకండి మహాప్రభో

హైదరాబాద్‌లో పార్కుకి శత్రువెవరంటే అందరం కబ్జాదారు పేరే చెప్తాం. రాత్రికి రాత్రి కంచె పీకేసేవాడు, దొంగ కాగితాలు పుట్టించేవాడు. వాడి మీద కనీసం కేసు వేయొచ్చు. కోర్టులో నిలబడే వాదన కూడా మన దగ్గరుంది. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ఓ ప్రైవేటు నర్సింగ్ హోముకి కట్టబెడితే, అది చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

నాకు భయం రెండోవాడంటే. పట్టపగలు, పూలదండలతో, శిలాఫలకంతో వచ్చేవాడు. "పార్కుని అభివృద్ధి చేస్తున్నాం" అనేవాడు. వాడి మీద ఏమని కేసు వేస్తాం?

మా కాలనీ పార్కుని అలాగే అభివృద్ధి చేశారు. వేపచెట్ల మొదళ్ళ దాకా టైల్స్ పరిచారు, వాన నీరు దిగడానికి జానెడు మట్టి మిగల్చలేదు. నోరు తెరిచిన పెంగ్విన్ చెత్తబుట్టలు పెట్టారు (మన ఊరి ఎండల్లో పెంగ్విన్!). ప్రారంభోత్సవం రోజు ఎగిరిన ఫౌంటెన్ మళ్ళీ ఎగరలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా కొత్త గేటు, దానికి తాళం. పొద్దున పదింటికి వేస్తే సాయంత్రం నాలుగింటికి తీస్తారు. అంతకుముందు ఆ ఆరు గంటలూ ఆ చెట్ల కింద ఎవరుండేవాళ్ళు? రాత్రి డ్యూటీ చేసొచ్చిన వాచ్‌మన్ తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు. రెండిళ్ళ పనికీ మధ్య ఒకావిడ టిఫిన్ డబ్బా విప్పుకునేది. డెలివరీ కుర్రాళ్ళు ఫోన్ చేతిలో పట్టుకుని ఆర్డర్ కోసం కూర్చునేవాళ్ళు. ఇంట్లో ఏసీ లేనివాళ్ళకే మిట్టమధ్యాహ్నం చెట్టునీడ అవసరం. సరిగ్గా ఆ వేళకే తాళం. దీన్నే మా కాలనీ పెద్దలు "మెయింటెనెన్స్" అంటారు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ అసలు పేరు బాగే ఆమ్. ఆమ్ అంటే మామూలు జనం. 1846 నాటి తోట. తర్వాత తర్వాత అందులోనే టౌన్ హాలు కట్టారు, ఆ తర్వాత అది అసెంబ్లీ అయింది. జూబిలీ హాలు, మ్యూజియం, బాలభవన్, లలిత కళాతోరణం, ఒక్కొక్కటే వచ్చి చేరాయి. దేన్నీ తప్పు పట్టలేం, మ్యూజియం ఎవరికి చేదు? కానీ ప్రతి మంచి పనికీ ఖాళీగా కనబడేది తోటే. చెట్టున్న చోటు మనవాళ్ళ కంటికి ఖాళీ స్థలమే.

ఇందిరా పార్కు సంగతి చూడండి. 2021లో పెళ్ళికాని జంటలకి ప్రవేశం లేదని అక్కడ బ్యానర్ కట్టారు. జనం తిట్టిపోశాక తీసేశారు. దానికి ముందు, 2017లో, పార్కు పక్కనున్న ధర్నా చౌక్‌నే ఎత్తేశారు. అంగన్వాడీ ఆయాలు, కాంట్రాక్టు లెక్చరర్లు, భూమి పోయిన రైతులు, గొంతెత్తడానికి ఊరు మధ్యలో ఉన్న చోటది. స్థానికులకి ఇబ్బంది అన్నారు. మరుసటేడు హైకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది. ప్రేమికులు వద్దు, ధర్నాలు వద్దు, పడుకునేవాళ్ళు వద్దు. మరింకెవరు? ట్రాక్ సూట్ వేసుకున్నవాళ్ళా?

ఇక్కడ మనలాంటి చదువుకున్నవాళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతే 2016లో జనం రోడ్డెక్కారు. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం 2025లో యూనివర్సిటీ పిల్లలు బుల్డోజర్లకి అడ్డం నిలబడ్డారు, చెట్ల నరికివేతని సుప్రీంకోర్టు ఆపింది. గొప్ప పనులే, కాదనను. కానీ నెమళ్ళున్న చోటికి వెళ్ళే కెమెరా, పాతబస్తీలో ఎండిపోయిన వార్డు పార్కు దాకా వెళ్ళదు. చెట్టుని కాపాడ్డం మనకొచ్చు. చెట్టు కింద కూర్చునే మనిషి హక్కు దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు.

నాకు కావలసిన అభివృద్ధి చాలా చవక. వాడుకోదగ్గ మరుగుదొడ్డి, ఆడవాళ్ళకి వేరేగా. తాగే నీళ్ళు. వెనక్కి ఆనుకునే బెంచీలు, మధ్యలో ఇనుప చువ్వ లేకుండా. రాత్రికి దీపాలు. మొక్కలు తెలిసిన మాలికి నెలనెలా ఆగకుండా జీతం. కర్ణాటకలో కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ లాంటి వాటిని కాపాడ్డానికి 1975లోనే ప్రత్యేకంగా చట్టం చేసుకున్నారు. అలాంటిదొకటి మన ఊరికీ కావాలి, అందులో పార్కు తెరిచి ఉంచే వేళలు కూడా రాసి ఉండాలి.

"తెరిచి ఉంచితే తాగుబోతులు చేరతారండీ" అంటారు. నిజమే, చేరతారు. బస్టాండులోనూ చేరతారు, దానికి తాళం వేస్తున్నామా? "కాపలాకి ఉన్నది ఒక్కడే, వాడు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళొద్దా" అని ఇంకో మాట. వెళ్ళాలి. ఆ ఎగరని ఫౌంటెన్‌కి పోసిన డబ్బుతో రెండోవాణ్ణి పెట్టండి.