స్నేహితురాలిని చూడ్డానికి వెళ్తే తప్పా?

మన ఇళ్ళల్లో నా వయసు ఆడవాళ్ళు విమానం ఎక్కాలంటే కారణాలు మూడే. కూతురి పురుడు, కోడలి పురుడు, లేదంటే మనవల్ని చూసుకోవడం. "నా స్నేహితురాలిని చూడ్డానికి వెళ్తున్నానండీ" అంటే ఎదుటివాళ్ళ మొహాలు మారిపోతాయి. "అంటే, అక్కడ మీ వాళ్ళెవరూ లేరా?" అని అడిగారు మా అపార్టుమెంటులో ఒకావిడ. ఇంటర్‌లో నా పక్కన కూర్చున్న మనిషి నా మనిషి కాకపోతే మరెవరు?

ఇరవై ఏళ్ళ పైగా అది వియన్నాలో ఉంటోంది. మావారు వద్దనలేదు. "ఒక్కదానివే ఎందుకు, వచ్చే ఏడు ఇద్దరం ప్యాకేజీ టూరులో వెళ్దాం, నాలుగైదు దేశాలు చూడొచ్చు" అన్నారు. ఆయన లెక్క ఆయనది. కానీ టూరులో వెళ్తే దానికి దక్కేది హోటల్ లాబీలో అరగంట. పోనీ ఇద్దరం వాళ్ళింటికే వెళ్తే? అది వంటింట్లో ఆయనకి పప్పూ, వేపుడూ చేస్తూ "అన్నయ్యగారూ, ఇంకొంచెం వేసుకోండి" అంటుంటే, మేం మాట్లాడుకునేది ఎప్పుడు? అందుకే చీటీ డబ్బులు రాగానే టిక్కెట్టు ఒక్కటే కొన్నాను.

షెంజెన్ వీసా ఫారంలో ప్రయాణం దేనికి అని అడిగే చోట 'కుటుంబాన్ని లేదా స్నేహితులను చూడటానికి' అని ఒక గడి ఉంటుంది. కుటుంబం, స్నేహితులు ఒకే గడిలో! అక్కడి సర్కారుకి తట్టిన సంగతి మనకి తట్టదేమిటో. వాళ్ళడిగేది కాగితాలూ, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్సూ తప్ప 'స్నేహితురాలి కోసం అంత దూరమా' అని కాదు.

ప్రయాణం సంగతి పెద్దగా చెప్పను. దుబాయ్ దాకా నాలుగు గంటలు, అక్కడ పడిగాపులు, మళ్ళీ ఆరు గంటలు. పాదాలు పొంగాయి. పాలతో చేసినవి, నెయ్యితో సహా, యూరప్‌లోకి రానివ్వరు కాబట్టి సున్నుండలు మానేసి ఆవకాయ, కందిపొడి కట్టుకెళ్ళాను.

ఎండాకాలంలో వియన్నా మనకంటే మూడున్నర గంటలు వెనక. మొదటి రోజు మన ఆరింటికి అలవాటుగా మెలకువ వచ్చింది. అక్కడ రాత్రి రెండున్నర. చప్పుడు కాకుండా నీళ్ళ కోసం వెళ్తే అది అప్పటికే వంటింట్లో కూర్చుని ఉంది. 2021లో వాళ్ళమ్మ పోయినప్పుడు అది రాలేకపోయింది. ఇక్కడ అన్నీ దగ్గరుండి చూసినదాన్ని నేను. ఇన్నేళ్ళ వీడియో కాల్స్‌లో ఎన్నడూ అడగనిది ఆ రాత్రి అడిగింది. "అమ్మకి ఏ చీర కట్టారే?"

చెప్పాను. ఆకుపచ్చ అంచు వెంకటగిరి చీర, దాని పెళ్ళికి పెట్టిందే. జడ ఎవరు వేశారో, ముందురోజు ఏం తిందో అన్నీ చెప్పాను. తెల్లారేదాకా అడుగుతూనే ఉంది. ఇవి ఫోనులో అడిగేవి కావు. పక్కన మనిషి ఉండాలి, తొందర ఉండకూడదు.

తిరిగొచ్చాక అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏమేం చూశావు?" షోన్‌బ్రున్ రాజభవనంలో 1,441 గదులట, మేం తోటలో కూర్చుని వచ్చేశాం. 1897 నాటి జెయింట్ వీల్‌ని కింద నుంచే చూశాం. ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు, మాకు అదీ మేలే అయింది. అక్కడి కాఫీ హౌస్‌లు మాత్రం భలే నచ్చాయి నాకు. చిన్న ట్రేలో కాఫీ, పక్కనే గ్లాసు నీళ్ళు. ఆ నీళ్ళు ఆల్ప్స్ కొండల ఊటలవి, 1873 నుంచి ఊళ్ళోకి వస్తున్నాయట. ఒక్క కప్పుతో మూడు గంటలు కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు. ఈ కాఫీ హౌస్ పద్ధతిని 2011లో ఆస్ట్రియా తమ వారసత్వ సంపదల జాబితాలో చేర్చుకుంది. ఊరికే కూర్చుని మాట్లాడుకోవడాన్ని ఒక దేశం సంపద అనుకుంటోంది, మన దగ్గరేమో ఇద్దరాడవాళ్ళు గంటసేపు కూర్చుంటే సోది అంటారు.

మొన్న మా వదిన ఫోన్ చేసింది. ముందు కూరగాయల ధరలు, తర్వాత మోకాళ్ళ నొప్పులు. పెట్టేయబోతూ, గొంతు తగ్గించి, మ్యూనిక్‌లో ఉన్న తన హాస్టల్ రూమ్మేట్ గురించి చెప్పింది. ఆ వీసా ఫారం వాట్సాప్‌లో పంపమంది. "మీ అన్నయ్యకి ఇప్పుడే చెప్పకు" అని కూడా అంది.