విశ్రాంతి దినాలలో విమానాల బొమ్మలు

మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సును 2022లో 62 ఏళ్లకు పెంచారు. ఆ వయస్సు దాటిన తరువాత కూడా ఆరోగ్యముండి, పొద్దు గడవక కూర్చునే పెద్దలు మన కుటుంబాలలో అనేకులున్నారు. అటువంటి పెద్దాయన ఒక రంగుల పెట్టె కొనుక్కుని విమానాల బొమ్మలు వేస్తానంటే, ఇంట్లో మొదట వినబడే మాట: "ఈ వయసులో ఇదేం పిల్లచేష్ట? దీనివల్ల రూపాయి వస్తుందా?"

ఈ ప్రశ్నను మేము తేలికగా తీసివేయము. అనంతపురం సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగ ఎండిన ఏట ఇంటిల్లిపాదీ పెద్దాయన పింఛను మీదనే గడుపుకొనే ఇళ్లున్నాయి. అక్కడ ప్రతి రూపాయికీ లెక్క ఉండవలసిందే. అయితే మనిషిని కూడా రూపాయితోనే కొలవడం మొదలైతే, పింఛను తప్ప ఆ పెద్దాయన ఎవరికీ కనబడడు. మాకు బాధ కలిగించే సంగతి అదే.

విమానాలే ఎందుకంటారా? మన మెట్ట నేలపై ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశం తేటగా ఉంటుంది. పైగా 1940లో మొదలైన హిందుస్థాన్ విమాన కర్మాగారం ఉన్న బెంగళూరు మనకు సుమారు 200 కిలోమీటర్లే. అక్కడి హెచ్.ఎ.ఎల్. మ్యూజియంలో, 1961 జూన్ 17న తొలిసారి ఎగిరిన మారుత్ యుద్ధ విమానాన్ని దగ్గరగా చూడవచ్చును. ఫొటో చూసి వేసే బొమ్మ కన్నా, ఎదుట నిలబడి గీసుకున్న నాలుగు గీతలు ఎక్కువ నేర్పుతాయి.

మొదట ముక్కు నుండి తోక వరకు ఒక గీత గీయాలి. రెక్కలు ఆ గీతకు సరిపోయేలా అమర్చాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు కూడా ముందు గీత తీర్చి, ఆపైనే రంగు నింపుతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది.

ఇక రంగులు. ఆకాశం నడినెత్తిన ముదురుగాను, అంచున లేతగాను ఉంటుంది. మన వేసవి దుమ్ములో ఆ అంచు కాస్త మట్టిరంగు కూడా తిరుగుతుంది. నేలపై నిలిచిన విమానపు మెరిసే లోహం పైభాగాన ఆకాశపు నీలం, పొట్ట క్రింద నేల ఎరుపు కనబడతాయి. మన ఎండకు నీటిరంగు పరచేలోపే ఆరిపోతుంది గనుక, కాగితాన్ని ముందు తడిపి, ఉదయం పూట వేయడం మంచిది.

చేతులు వణుకుతాయని వెనుదీయనక్కరలేదు. అమెరికాలో గ్రాండ్మా మోజెస్ అనే రైతు ఇల్లాలు, కీళ్లనొప్పులవల్ల సూదిపని కష్టమై, డెబ్బయ్యో పడి చివరలో కుంచె పట్టింది. 1961లో 101వ ఏట కన్నుమూసేనాటికి ఆమె వేసిన చిత్రాలు వెయ్యికి పైనే. మన ఇళ్లలో పదవీ విరమణ చేసిన టీచరమ్మలు, నర్సమ్మలు కూడా ఈ సంగతి గమనించాలి.

కొడుకులకు, కోడళ్లకు మా మనవి ఒక్కటే. కిటికీ దగ్గర ఒక చిన్న బల్ల వేసి ఇవ్వండి. ఒక పెన్సిలు, దళసరి కాగితం, నీటిరంగులు, రెండు కుంచెలు చాలు. బొమ్మ పూర్తయినప్పుడు "ఎంతకు అమ్ముతారు?" అని అడగవద్దు. "ఇది ఏ విమానం, తాతా?" అని అడగడానికి మనవలను పంపండి. ఆ జవాబు చెప్పడానికి ఆయన దగ్గర కావలసినంత సమయమున్నది.