నా పేరు చెప్పి బిడ్డను భయపెట్టకండి



నా దవాఖానాకు వచ్చే తల్లులు తరచు అడిగేది ఒకటే: "హకీం సాబ్, పిల్లవాడు ముద్ద ముట్టడం లేదు. ఆకలి పుట్టే మాజూన్ ఏదైనా ఇవ్వండి." ఆ మాట పూర్తి కాకముందే ఒళ్లో బిడ్డ వైపు తిరిగి, "తింటావా, సూది పొడవమని చెప్పమంటావా?" అంటారు. నేను సూది వేయను. కానీ ఆ సంగతి పసివాడికేం తెలుసు? నన్ను చూసి బిక్కచచ్చిపోతాడు.

మీ తప్పు ఎంచే ముందు నా తప్పు చెప్పుకోవాలి. మా పెద్దవాడు నాలుగేళ్లప్పుడు అన్నం దగ్గర మారాం చేస్తే, చేదు కషాయం పోస్తానని బెదిరించేవాణ్ణి. ఒకసారి వాడికి చెవిపోటు వచ్చింది. కషాయానికి జడిసి రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రాత్రి ఒళ్లు కాలిపోతుంటే వాళ్ల దాదీకి చెప్పాడు. ఊరందరి నాడి చూసే నాకు ఇంట్లో బిడ్డ నొప్పి తెలియలేదు.

ఆరోగ్యానికి ఆరు మూలాలున్నాయని యునానీ చెబుతుంది. వాటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటాం. గాలి, అన్నపానాలు, శరీరానికి కదలిక-విశ్రాంతి, మనసుకు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, ఒంట్లో ఉండవలసింది ఉండడం, పోవలసింది పోవడం. పిల్లల విషయంలో మనం రెండోదాన్ని పట్టుకుని నాలుగోదాన్ని వదిలేస్తున్నాం. బిడ్డను విపరీతమైన కోపం, భయం, దుఃఖం, నిద్రలేమి నుంచి కాపాడాలని ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్' గ్రంథంలో వెయ్యేళ్ల క్రితమే హెచ్చరించారు.

మరి ఏం చేయాలంటారా? దస్తర్‌ఖాన్ దగ్గర అందరితోపాటు కూర్చోబెట్టండి. కొంచెమే వడ్డించండి, కావాలంటే మళ్లీ అడుగుతాడు. భోజనానికి ముందు బిస్కెట్లు, టీ ఇవ్వకండి. ఫోను చూపిస్తూ నోట్లో కుక్కకండి. అలా తిన్న బిడ్డకు కడుపు నిండిన సంగతే తెలియదు. రెండేళ్లలోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవారికి రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మూడు నాలుగేళ్ల బిడ్డకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని కూడా చెప్పింది. నిద్ర చాలని పిల్లవాడు అన్నం దగ్గరా పేచీ పెడతాడు.

బరువు తగ్గుతున్నా, ఒళ్లు పాలిపోతున్నా, జ్వరం, వాంతులు విడవకున్నా మాజూన్ కోసం నా దగ్గర ఆగకండి. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.

మన పిల్లలు బడిలో కన్నడమో తమిళమో మాట్లాడవచ్చు. నొప్పి చెప్పుకునేది మాత్రం ఇంట్లో, మన మాటల్లోనే. ఆ నోరు భయంతో మూతపడితే, నాడి పట్టే నేనూ ఏమీ చేయలేను. అందుకే ఈసారి బిడ్డను తెచ్చేటప్పుడు, "హకీం తాత దగ్గరికి వెళ్దాం, ఎక్కడ నొప్పో నువ్వే చెబుదువు గాని" అని తీసుకురండి.