భూమికి పసుపు కుంకుమ, వానపాముకు గుళికలు

ఏరువాక పున్నమినాడు నాగలికి పసుపు కుంకుమ పెట్టి, భూమాతకు దండం పెట్టుకుని తొలి సాలు దున్నుతారు. ఆ పండుగ మీద నాకు కోపం లేదు. కొన్నాళ్లకు అదే నేలలో, పురుగు కనబడకముందే పురుగుమందు గుళికలు చల్లుతారు, నా బాధ దాని గురించి. ఎందుకని అడిగితే "అందరూ వేస్తున్నారు" అంటారు, "గుళికలేస్తే పైరు పచ్చబడుతుంది" అంటారు. ఏ పురుగు, ఎంత ఉంది అన్న లెక్క ఉండదు. పక్క చేనాయన వేశాడని మనమూ వేయడం ఆచారమే. దేవుడి పేరు లేనంత మాత్రాన అది శాస్త్రమైపోదు. అలా ఏళ్ల తరబడి చల్లిన ఫోరేట్ గుళికలను 2020 చివరితో దేశమంతటా నిషేధించాల్సి వచ్చింది.

అలాంటిదే మరో గుళికల మందు కార్బోఫ్యూరాన్. అది పడ్డ నేలలో వానపాములు పైకొచ్చి మెలికలు తిరిగి చస్తాయి. దాన్ని చూసి మందు బాగా పనిచేసిందనుకుంటే అంతకన్నా నష్టం లేదు. నరాల్లో సంకేతాన్ని మోసే ఎసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు విడగొట్టే ఎంజైమ్ ఒకటుంది. ఈ విషం దాన్ని అడ్డుకుంటుంది. సంకేతం ఆగక కండరాలు బిగుసుకుపోతాయి. కాండం తొలిచే పురుగుకూ, వానపాముకూ, గుళికలు చల్లే మనిషికీ ఆ ఎంజైమ్ ఉంది. పురుగుమందు పురుగునే చంపుతుందన్న నమ్మకానికి ఇక ఆధారమేముంది? పైగా వానపాము తడి చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది, మట్టినే మింగుతుంది. అంటే విషం దాని ఒంట్లోకి రెండు దారుల్లో చేరుతుంది. చావకుండా మిగిలినవి కూడా చిక్కిపోతాయి, గుడ్ల తిత్తులు తక్కువ పెడతాయి.

ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా మట్టి వానపాముల ఒంటిగుండా వెళుతుందని డార్విన్ 1881లో లెక్కగట్టాడు. వాటి బొరియలే వాననీటిని లోపలికి దించుతాయి. మట్టిలో కంటికి ఆనని జీవుల మధ్య కూడా ఒక తూకం ఉంటుంది. డీడీటీ చల్లిన నేలల్లో వేటాడే మట్టి నల్లులు (మైట్స్) చచ్చి, వాటికి ఆహారమైన స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిరుజీవులు విపరీతంగా పెరిగిన సంగతి శాస్త్రజ్ఞులు నమోదు చేశారు.

విషం మానమన్నవాళ్లు చెప్పే మాటలన్నీ నిజాలని కూడా నేననను. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసే ప్రకృతి సేద్యంలో పేడ నాటు ఆవుదే కావాలన్న పట్టుదల ఉంది. గేదె పేడకు వానపాము రాదా? కుళ్లే ఆకూ, పేడా, తేమా దొరికినచోట అది బతుకుతుంది. ఆవు జాతిని అది అడగదు. ఈ ప్రచారాన్ని నిలదీయడమంటే గుళికల కంపెనీకి వత్తాసు పలకడం కాదు.

ఎవరి మాట నిజమో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఒకే చేనులో ఒక చెక్కకు గుళికలు, ఒక చెక్కకు నాటు ఆవు పేడ, ఒకదానికి గేదె పేడ వేసి, ఒకదాన్ని వట్టిగా వదలండి. ముసురు పట్టినప్పుడు ప్రతి చెక్కలో నాలుగైదు చోట్ల అడుగు లోతు తవ్వి వానపాములను లెక్కపెట్టండి. దిగుబడినీ తూకం వేయండి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కూడా ఈ పనిని మన నల్లరేగడిలో, ఎర్ర చల్కలో, ఇక్కడి వానపాముల మీదే చేయాలి. ఎందుకంటే మందుల పరీక్షలకు ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఐసీనియా ఫెటిడా పెంటకుప్పల్లో బతికే జాతి. కొన్ని మందులకు అది పొలం వానపాములకన్నా ఎక్కువగా తట్టుకుంటుంది.