మందు డబ్బాల లెక్క కాలువ గట్టు మీద తేల్చండి

మిరపకో పత్తికో మందు కొట్టే రోజుల్లో ఏ కాలువ గట్టు మీదైనా నడిచి చూడండి. ఖాళీ డబ్బాలు, మూతలు, చించి పారేసిన పొట్లాలు. ఆ నీళ్లే మన పశువులు తాగుతాయి. కొన్ని డబ్బాలు పాత సామాన్ల బండెక్కుతాయి, కొన్ని కడిగి ఇంట్లో పెట్టుకుంటాం.

2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. మందు డబ్బాలో నూనె పోయడమే కారణమని అధికారులు అనుమానించారు. ఖాళీ డబ్బా ఖాళీ కాదు.

ఈ బెడద మీద ప్రాజెక్టులు లేక కాదు. 2024 మార్చిలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 'ఫార్మ్' అనే ఐదేళ్ల కార్యక్రమం ప్రకటించింది. మన దేశంతో కలిపి ఏడు దేశాలు, 37.9 కోట్ల డాలర్లు. ప్రమాదకరమైన పురుగుమందులు, సాగులో వాడే ప్లాస్టిక్ తగ్గించడమే లక్ష్యమన్నారు. మంచిదే, మనం కాదనం. మన ప్రశ్న ఒక్కటే: ఇలాంటి ప్రాజెక్టుకు మార్కులు ఎవరు వేస్తారు, ఏం చూసి వేస్తారు?

మనం చూసిన పద్ధతి తెలిసిందే. ఫ్లెక్సీ కడతారు, ఉపన్యాసం ఇస్తారు, సంతకాలు తీసుకుంటారు, ఫొటో దిగుతారు. 'ఇంతమంది రైతులకు శిక్షణ' అని కాగితం పైకి పోతుంది. గేదె ఎన్ని పాలిచ్చిందని అడగాలి గానీ, చెంబు ఎన్నిసార్లు కడిగామని కాదు గదా!

పైగా నేరమంతా రైతు అజ్ఞానం మీద తోసేస్తారు. మన తప్పూ ఉంది, ఒప్పుకుందాం. డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు పిచికారీ ట్యాంకులోనే పోయాలి. మనలో ఎంతమందిమి చేస్తున్నాం? కానీ 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 44వది చదవండి. వాడేసిన డబ్బాలను ప్రమాదం లేకుండా వదిలించే బాధ్యతను తయారీదారుల మీద, మందు కలిపి ప్యాక్ చేసేవారి మీద, కొట్టేవారి మీద పెట్టింది. మొదటి పేరు తయారీదారుడిదే. మరి అవగాహన సదస్సుల్లో బెంచీ మీద కూర్చునేది రైతు ఒక్కడేనా?

చట్టం సంగతీ అంతే. 27 మందులు నిషేధిస్తామని 2020 మేలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి పూర్తిగా ఆగినవి డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్, ఈ మూడే. మోనోక్రోటోఫాస్ 36 శాతం ఎస్.ఎల్. రకానికి అడ్డుకట్ట పడిందీ అప్పుడే, గండామన్ జరిగిన పదేళ్లకు. వ్యవస్థను బలపరిచామని చెప్పుకునే ఏ ప్రాజెక్టయినా ఈ జాప్యం ఎంత తగ్గించిందో చెప్పాలి.

అందుకే మన కోర్కెలు ఇవి:

1. ప్రాజెక్టు మొదలుకాక ముందే ఊరూరా డబ్బాల లెక్క తీయాలి. ముగిశాక అదే కాలువ మీద, అదే కారులో మళ్లీ తీయాలి. మొదటి లెక్క లేకుండా తగ్గిందనే మాట మనం నమ్మం.

2. అమ్మిన దుకాణమే ఖాళీ డబ్బా వెనక్కి తీసుకోవాలి, డబ్బాకింత అని చెల్లించాలి. ఆ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలి, మందు ధరలో కలిపి మన మీద వేయకూడదు.

3. మందు కొట్టే కూలీలను లెక్కలోకి తీసుకోవాలి. సీజనుకు ముందు, తర్వాత కొలినెస్టరేజ్ రక్తపరీక్ష ఉచితంగా చేయాలి.

4. ప్రాజెక్టు నడిపినవారు తమకు తామే మార్కులు వేసుకోకూడదు. నివేదిక తెలుగులో రావాలి, గ్రామసభలో చదవాలి, ఖర్చుతో సహా.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! ఈ నెల ప్రతి గ్రామశాఖ ఒక పని చేయాలి. ఒక కాలువ ఎంచుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, ఒక కిలోమీటరు పొడవున డబ్బాలు లెక్కించండి. పేరు, తేదీ, సంఖ్య రాసి మండల కమిటీకి పంపండి. రేపు మార్కులు వేయడానికి వచ్చేవారి ముందు మన పుస్తకం తెరిచి పెడదాం.